చెట్టు మీదికెక్కిన రంపం

పెట్రోలు రంపం అడవిలోకి వచ్చిన చాలా ఏళ్లకు గానీ చెట్టు మీదికి ఎక్కలేకపోయింది. 1929లో స్టుట్‌గార్ట్‌లో ఆండ్రియాస్ స్టీల్ తయారుచేసిన యంత్రం బరువు 46 కిలోలు. చెరో కొసన ఒకరు పట్టుకుంటే తప్ప లేచేది కాదు. అంతకు రెండేళ్ల ముందు ఎమిల్ లెర్ప్ అనే మరో జర్మన్ తురింగియాలోని డోల్మార్ కొండ మీద తన పెట్రోలు రంపాన్ని పరీక్షించి, ఆ కొండ పేరునే దానికి పెట్టుకున్నాడు. అదీ ఇద్దరు మోయవలసిన బరువే. నేల మీద నిలబడి మాను మొదలు నరికేవాళ్లకు ఇవి వరమయ్యాయి. నలభై అడుగుల ఎత్తున తాడుకు వేలాడుతూ కొమ్మ కోసేవాడికి మాత్రం నడుముకు తగిలించుకున్న చేతిరంపమే దిక్కు.

యంత్రాల చరిత్రలు ఈ రెండో మనిషిని తరచు మరిచిపోతాయి. చైన్ సా కథంటే అడవులు నరికిన కథగానే చెబుతారు. చెట్టును బతికించడానికి ఎక్కేవాళ్లు, వీధిలో ఇంటిమీద పడబోయే కొమ్మను జాగ్రత్తగా దించేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల చేతికి సరిపడే రంపం కావాలంటే బరువు తగ్గిస్తే చాలదు. ఇంజన్ ఏ వంపులోనైనా నడవాలి, పిడి ఉన్న చోటు మారాలి. పిడి మారడం వల్ల ఎంత మేలు జరిగిందో అంత ప్రమాదమూ వచ్చింది. ఈ వృత్తి దాదాపు అర్ధశతాబ్దంగా ఆ రెంటి మధ్యే నడుస్తోంది.

చెట్టెక్కి చేసే పనికి వృత్తి గౌరవం తెచ్చినవాడు జాన్ డేవీ. 1846లో ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌లో పుట్టాడు. 1873లో అమెరికా చేరాడు, తర్వాత ఒహాయో రాష్ట్రంలోని కెంట్ పట్టణంలో శ్మశానవాటికను తోటగా తీర్చే పనిలో కుదిరాడు. పెద్దవాడయ్యాకే చదవడం, రాయడం నేర్చుకున్న ఆ మనిషి 1901లో ‘ది ట్రీ డాక్టర్’ అనే పుస్తకం అచ్చు వేయించాడు. చెట్టుకూ వైద్యం ఉంటుందని, కొమ్మను ఎక్కడపడితే అక్కడ తెగ్గొడితే అది పుండై చెట్టును తినేస్తుందని ఫొటోలతో సహా చూపించాడు. 1909లో ఆయన పేరున కంపెనీ ఏర్పడింది. అది ఈనాటికీ కెంట్ నుంచే పనిచేస్తోంది, 1979 నుంచి దాని యాజమాన్యం ఉద్యోగులదే. ఆ తొలి తరం చెట్టు వైద్యుల సరంజామా చాలా తక్కువ: మనీలా నారతో పేనిన తాడు, రంపం, ఉలి, సుత్తి. చెట్టు తొర్రల్ని శుభ్రంచేసి సిమెంటు నింపడం కూడా అప్పట్లో చికిత్సే. ఆ పద్ధతిని తర్వాతివాళ్లు వదిలేశారు.

అదే ఒహాయోలో 1930లో ఒక కొత్త రోగం బయటపడింది. యూరప్ నుంచి ఫర్నిచర్ పలకల కోసం దిగుమతి చేసుకున్న ఎల్మ్ దుంగలతో పాటు ఒక శిలీంధ్రం, దాన్ని మోసే బెరడు పురుగు వచ్చాయి. డచ్ ఎల్మ్ డిసీజ్ అని పేరుపడిన ఆ జబ్బు అమెరికా పట్టణాల్లో వీధులకు వీధులనే గొడుగుల్లా కప్పిన ఎల్మ్ చెట్లను ఎండబెట్టింది. 1960ల చివర్లో దానికంటే ఉధృతమైన రకం బ్రిటన్‌లో అడుగుపెట్టి రెండున్నర కోట్లకు పైగా చెట్లను బలిగొంది. రోగం పాకకుండా ఉండాలంటే ఎండిన కొమ్మల్ని, పురుగు బయటికి ఎగిరే లోపే దించి తగలబెట్టాలి. ఇళ్ల మధ్య నిలబడ్డ చెట్టును మొదలంటా నరికి కూల్చే వీలుండదు. పైనుంచి ముక్క ముక్కగా దించాల్సిందే. చెట్టెక్కేవాళ్ల పని ఒక్కసారిగా పెరిగిపోయింది. చేతిరంపం ఆ పనికి చాలలేదు.

అమెరికా పడమటి తీరపు అడవుల్లో ఇంకో రకం సాహసవంతులు ఉండేవారు. దుంగల్ని కేబుళ్లతో లాగడానికి ఒక పొడవాటి మానును స్తంభంలా వాడుకునేవారు. ఆ మాను కొనను తెగ్గొట్టడానికి ఒక మనిషి కాళ్లకు ఇనుప ముళ్లు కట్టుకుని, నడుమును మాను చుట్టూ తాడుతో బిగించుకుని, గొడ్డలీ రంపమూ వెంట వేలాడుతుండగా దాదాపు 60 మీటర్లు ఎక్కేవాడు. తన గొడ్డలి దెబ్బకే తాడు తెగిపోకుండా దాని లోపల ఉక్కుతీగ పెట్టుకునేవాడు. తాటిచెట్టు ఎక్కే మన గీత కార్మికుడికి మోకు ఎలాంటిదో అతడికి ఆ తాడు అలాంటిది. పదునైన పనిముట్టు, ప్రాణం నిలిపే తాడు ఒకదానికొకటి జానెడు దూరంలో ఉండటమే ఈ పనిలోని అసలు చిక్కు. యంత్రం వచ్చాక ఆ చిక్కు ఇంకా బిగిసింది.

బరువు తగ్గించే పోటీ రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఊపందుకుంది. 1949లో లాస్ ఏంజెలెస్‌కు చెందిన మెకల్లక్ కంపెనీ ‘3-25’ అనే రంపాన్ని మార్కెట్లోకి తెచ్చింది; బరువు 25 పౌండ్లు, అంటే 11 కిలోల పైచిలుకు. ఒక్క మనిషి చాలు. (ఆ కంపెనీ అధిపతి రాబర్ట్ మెకల్లకే తర్వాత 1968లో లండన్ బ్రిడ్జిని కొని, రాళ్లు విప్పించి, ఆరిజోనా ఎడారిలోని లేక్ హవాసు పట్టణంలో మళ్లీ కట్టించాడు.) 1950లో స్టీల్ ‘బీఎల్’ 16 కిలోలతో వచ్చింది. అంతకు ముందే గొలుసులో పెద్ద మార్పు జరిగింది. 1946లో ఒరెగాన్‌లో కట్టెలు కొడుతున్న జోసెఫ్ బ్యుఫోర్డ్ కాక్స్ అనే కూలీ, కొయ్యను అడ్డంగానూ నిలువుగానూ అవలీలగా తొలిచే ఒక పురుగు పిల్లను గమనించాడు. దాని దవడలు అటొకటి ఇటొకటి వంపుగా కదులుతున్నాయి. ఆ ఆకారాన్నే ఉక్కులో దింపి కొత్త గొలుసు చేశాడు, 1947లో పోర్ట్‌లాండ్‌లో కంపెనీ పెట్టాడు. నేటి రంపపు గొలుసుల్లో చాలా వాటి పళ్లు ఆ వంపుకు వారసులే.

వీటన్నిటి కంటే చెట్టెక్కేవాడికి ఎక్కువ మేలు చేసిన భాగం ఒకటుంది. దాని పేరు ఎవరి నోటా వినపడదు: డయాఫ్రమ్ కార్బ్యురేటర్. పాత ఇంజన్లలో పెట్రోలు ఒక చిన్న గిన్నెలో తేలే బెండు మీద ఆధారపడి అందేది. రంపాన్ని పక్కకు వంచితే ఇంజన్ ఆగిపోయేది. అందుకే తొలి రంపాల్లో ఇంజన్‌ను నిటారుగానే ఉంచి, గొలుసు తిరిగే బార్‌ను మాత్రం తిప్పుకునే ఏర్పాటు ఉండేది. నేల మీద ఇది ఓపిక పడితే సరిపోయే ఇబ్బంది. కొమ్మల మధ్య, ఒక కాలు గాల్లో ఉన్నవాడికి అది కుదిరే పని కాదు. పలుచని పొర ఒకటి ఊపిరిలా కదులుతూ పెట్రోలు పంపే కార్బ్యురేటర్ 1950లలో వాడుకలోకి వచ్చాక రంపం తలకిందులైనా ఆగకుండా నడిచింది. 1959లో వచ్చిన స్టీల్ ‘కాంట్రా’ ఈ కార్బ్యురేటర్‌తోనే పేరు తెచ్చుకుంది. 1963లో హోమ్‌లైట్ కంపెనీ ‘ఎక్స్ఎల్-12’ను బార్, గొలుసు లేకుండా సుమారు ఐదున్నర కిలోలకు దించింది. తేలికైన మెగ్నీషియం వల్లే అది సాధ్యపడింది. అప్పటికి గానీ చెట్టెక్కేవాడు యంత్రం వైపు ఆశగా చూడలేకపోయాడు.

ఇక పిడి సంగతి. సాధారణ చైన్ సాలో కుడిచేతి పిడి ఇంజన్ వెనకాల ఉంటుంది, ఎడమచేతి పిడి ముందు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖ రోడ్ల మీద పడేసిన మానులను కోయడానికి వాడింది ఇలాంటి రకాన్నే. నేల మీద ఇది స్థిరమైన అమరిక. రెండు చేతుల మధ్య దూరం ఎక్కువ కాబట్టి రంపం ఎగిరినా అదుపు దొరుకుతుంది. చెట్టు మీద ఆ పొడవే అడ్డంకి. మాను ఒంటికి అతుక్కుని ఉన్నప్పుడు మోచేతిని వెనక్కి లాగడానికి చోటుండదు. అందుకని కుడిచేతి పిడిని ఇంజన్ నడినెత్తికి, బరువంతా సమంగా నిలిచే చోటికి తెచ్చారు. రంపం పొట్టిదైంది. పట్టుకుంటే చేతిలో సమంగా తూగింది. కోత అయ్యాక వెనక ఉన్న కొక్కేనికి పట్టీ కట్టి నడుము కింద వదిలేస్తే వేలాడుతుంది. పై పిడి రంపం అలా పుట్టింది.

అయితే రెండు పిడులూ దగ్గరపడ్డాయి. గొలుసు కొన, ముఖ్యంగా బార్ ముక్కు పైభాగం, ఏ కొమ్మకైనా తగిలితే రంపం ఒక్క ఉదుటున మనిషి ముఖం వైపు ఎగురుతుంది. కిక్‌బ్యాక్ అనేది దీన్నే. చేతుల మధ్య దూరం తగ్గిన కొద్దీ దాన్ని ఆపే బలమూ తగ్గుతుంది. పైగా ఇంత తేలికైన యంత్రం సమతూకంగా ఒక చేతిలో ఇమిడిపోయేసరికి, రెండో చేతితో కొమ్మను పట్టుకుని ఒంటిచేత్తో కోయాలన్న ఆశ పుడుతుంది. ఆ రెండో చేయి సరిగ్గా గొలుసు వెళ్లే దారిలో ఉంటుంది. 1970ల తొలినాళ్లలో చైన్ బ్రేక్ వచ్చి, ఎగిరిన రంపపు గొలుసును సెకనులో చిన్న వంతులో ఆపగలిగింది. ఎడమచేతిని గొలుసు ముందుకు పంపే అలవాటును మాత్రం ఏ బ్రేకూ ఆపలేదు.

అందుకే నియమాల పుస్తకం మందమైంది. అమెరికాలో చెట్ల పనికి సంబంధించిన భద్రతా ప్రమాణం జెడ్133 తొలిసారి 1972లో వచ్చింది. ఈనాటి రూపంలో అది రెండు చేతులూ పిడుల మీదే ఉండాలంటుంది. రంపం నడిపేటప్పుడు మనిషికి ఎక్కే తాడుతో పాటు రెండో కట్టూ ఉండాలంటుంది. విద్యుత్ తీగల దగ్గర చెట్ల పనికి వర్తించే అమెరికా ప్రభుత్వ నియమం ప్రకారం 6.8 కిలోలు దాటిన పవర్ రంపాన్ని, కొన్ని మినహాయింపులు తప్ప, మనిషి నడుముకు కాక వేరే తాడుకు వేలాడదీయాలి. బ్రిటన్‌లో ఆరోగ్య భద్రతా విభాగం పై పిడి రంపాల మీద ప్రత్యేకంగా మార్గదర్శకం తెచ్చింది. అవి చెట్టు మీద పనిచేసే శిక్షణ పొందినవాళ్లకే గానీ నేల మీద కట్టెలు కోసుకునేవాళ్లకు కాదన్నది దాని సారం. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 11681ని రెండు భాగాలు చేసి, రెండోదాన్ని చెట్ల సేవకు వాడే రంపాలకే కేటాయించింది. బార్, గొలుసు లేకుండా, ట్యాంకులు ఖాళీగా ఉన్నప్పుడు 4.3 కిలోలు దాటకూడదని అందులో హద్దు గీసింది. ఒకే పనిముట్టును ఎవరి చేతిలో పెట్టాలో చెప్పడానికి ఇన్ని దస్తావేజులు పుట్టడం అతి అనిపించవచ్చు. ఆ కాగితాల వెనక తెగిన ముంజేతులున్నాయి.

ఈ రంపాల్ని పోల్చి చూసేవాళ్లు సాధారణంగా బరువు, శక్తి అంకెల దగ్గరే ఆగుతారు. వాటిని చరిత్రలో పెట్టి చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. స్టీల్ ‘020 టి’, తర్వాత పేరు మారి ‘ఎంఎస్ 200 టి’ అయింది. 35.2 సీసీ ఇంజన్, సుమారు 3.6 కిలోలు. చెట్టెక్కేవాళ్లు అంతగా ప్రేమించిన యంత్రం మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు. ట్రిగ్గర్ నొక్కగానే గొలుసు వేగం అందుకునేది. కొమ్మ మీద నిలబడ్డవాడికి ఆ తక్షణ స్పందన సౌకర్యం మాత్రమే కాదు, భద్రత కూడా. పొగ నియమాలు కఠినమయ్యాక దాని స్థానంలో ‘ఎంఎస్ 201 టి’ వచ్చింది. అదే 35.2 సీసీ. తొలి విడత యంత్రాలు మందకొడిగా ఉన్నాయని పనివాళ్లు చిరాకుపడి పాత 200ల కోసం సెకండ్‌హ్యాండ్ వ్యాపారుల దగ్గర వెతికారు. తర్వాత ఎలక్ట్రానిక్ కార్బ్యురేటర్‌తో ఆ లోపం చాలావరకు తీరింది. హస్క్‌వర్నా ‘టి540 ఎక్స్‌పీ’ 37.7 సీసీతో 3.9 కిలోలు తూగి, లావు కొమ్మల పనిలో పోటీకి నిలిచింది. యూరోపియన్ యూనియన్ కూడా ఈ చిన్న ఇంజన్ల కష్టాన్ని గుర్తించింది. వృత్తిపరంగా వాడే పై పిడి రంపాలకు ఉద్గార నియమాల నుంచి 2013 జులై 31 వరకు ప్రత్యేక గడువిచ్చింది.

జపాన్ కంపెనీ ఎకో దారి వేరు. ‘సీఎస్-2511టి’లో ఇంజన్ కేవలం 25 సీసీ, బరువు 2.3 కిలోలు. లావు మాను దీని పని కాదు. పొద్దంతా కొమ్మల చివర పలచన చేసేవాడి భుజానికి మాత్రం ఒకటిన్నర కిలో తేడా చాలా పెద్దది. అలసిన చేయే తప్పు చేస్తుంది కాబట్టి, పెద్ద ఇంజన్‌కంటే చిన్న ఇంజనే ఎక్కువమందికి సరైన ఎంపిక. మణికట్టు లావు లోపు కొమ్మలకైతే అసలు ఇంజనే అక్కర్లేదు. జపాన్‌లోని ఓనో పట్టణంలో తయారయ్యే సిల్కీ వంటి వంపు చేతిరంపాలు లాగినప్పుడు కోస్తాయి. రంపం స్టార్ట్ చేసి, బ్రేక్ విప్పి, నిలదొక్కుకునే లోపు ఆ కొమ్మ కింద పడి ఉంటుంది.

ఇప్పుడు బ్యాటరీ వంతు. స్టీల్ ‘ఎంఎస్ఏ 161 టి’ బ్యాటరీ లేకుండా 2.1 కిలోలు, హస్క్‌వర్నా ‘టి535ఐ ఎక్స్‌పీ’ 2.4 కిలోలు. చెట్టు మీద తాడు లాగి స్టార్ట్ చేసే ప్రయాస పోయింది. పొగ మొహాన కొట్టదు. పైవాడు అరవకుండానే కింది మనిషికి మాట వినపడుతుంది. కాలిఫోర్నియాలో 2024 మోడల్ సంవత్సరం నుంచి కొత్తగా తయారయ్యే చిన్న ఇంజన్లకు పొగ లేకుండా ఉండాలన్న నియమం అమల్లోకి వచ్చింది. చైన్ సాల్లో 45 సీసీ, అంతకు మించినవి దాని పరిధిలోకి రావు. పై పిడి రంపాలు 45 సీసీకి లోబడినవే కాబట్టి ఈ మార్పు తొలి భారం వాటి మీదే పడింది.

శబ్దం లేకపోవడంతో పాత సమస్య కొత్త రూపంలో తిరిగొచ్చింది. పెట్రోలు రంపం గర్జిస్తూ తాను బతికే ఉన్నానని చెబుతుంది. బ్యాటరీది నిశ్శబ్దంగా నడుము పక్కన వేలాడుతూ, స్విచ్ ఆన్‌లో ఉంటే చెయ్యి తగిలిన క్షణాన తిరగడానికి సిద్ధంగా ఉంటుంది. అందుకే తయారీదార్లు కొద్దిసేపు వాడకపోతే తనంతట తానే ఆరిపోయే స్విచ్‌లు పెట్టారు, శిక్షకులు ప్రతి కోత తర్వాతా చైన్ బ్రేక్ వేయించడాన్ని అలవాటు చేయిస్తున్నారు.