ఊపిరి పోసిన చేతులు

కోపెన్‌హాగెన్, 1952 ఆగస్టు. బ్లెగ్డామ్ ఆసుపత్రికి అంబులెన్సులు ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉన్నాయి. పోలియో నగరాన్ని పట్టి కుదిపేస్తోంది. ఒక్కోరోజు 50 మంది దాకా చేరుతున్నారు. కొందరికి కాళ్లూ చేతులూ పడిపోయాయి. మరికొందరికి గుటక పడదు, ఊపిరి ఆడదు.

శ్వాస ఆడించడానికి ఉన్నది ఒక్క ఐరన్ లంగ్, ఛాతీకి తొడిగే చిన్న యంత్రాలు ఆరు. అవి ఎవరికి పెట్టాలి? ఎవరిని వదిలెయ్యాలి? ఆ భారమంతా పెద్ద డాక్టర్ లాసెన్ మీద పడింది. పోనీ, యంత్రం దక్కినవాళ్లయినా బతుకుతున్నారా? మొదటి మూడు వారాల్లో యంత్రం పెట్టిన 31 మందిలో 27 మంది చనిపోయారు.

మత్తు డాక్టర్‌ను పిలిచి అడుగుదామని సహచరుడు బ్యోర్నెబో పట్టుబట్టాడు. ఆ రోజుల్లో మత్తు డాక్టర్లకు ఆపరేషన్ గది దాటి పనిలేదు. అలా వచ్చినవాడు బ్యోర్న్ ఇబ్సెన్. కేసు కాగితాలు తిరగేశాడు. శవపరీక్షలు చూశాడు. ఊపిరితిత్తులు అంతగా పాడవలేదు. రక్తంలో బైకార్బొనేట్ మాత్రం బాగా పెరిగింది. అదేదో అంతుచిక్కని వికారమని అందరూ అనుకుంటున్నారు. ఇబ్సెన్‌కు విషయం అర్థమైంది: గాలి సరిగా ఆడక కార్బన్ డయాక్సైడ్ ఒంట్లోనే పేరుకుపోతోంది.

ఆగస్టు 27. మంచం మీద 12 ఏళ్ల పాప. కాళ్లూ చేతులూ కదలవు, ఊపిరి అందక ఎగపోస్తోంది. గొంతు కింద శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం పెట్టారు. పాప ఇంకా గింజుకుంటోంది. గొట్టానికి తగిలించిన రబ్బరు సంచి ఎంత నొక్కినా గాలి లోపలికి పోవడం లేదు. చుట్టూ నిలబడ్డ డాక్టర్లలో కొందరు ఆశ వదులుకుని బయటికి నడిచారు. ఇబ్సెన్ మత్తుమందు ఇచ్చాడు. పాప ఒళ్లు సడలింది. సంచి నొక్కాడు. ఛాతీ పైకి లేచింది. పాప బతికింది.

మరి మిగతావాళ్లకు యంత్రాలేవి? మనుషులే యంత్రాలయ్యారు. దాదాపు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని, రాత్రింబవళ్లు సంచులు నొక్కారు. వ్యాధి ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో ఒకేసారి 70 మంది రోగులు వాళ్ల చేతుల మీదే ఊపిరి పీల్చారు. ఎనభై శాతం దాటిన మరణాలు చివరికి పాతిక శాతం దరిదాపులకు దిగాయి. 1953 డిసెంబరులో ఇబ్సెన్ అదే నగరంలోని కొమ్యూన్ ఆసుపత్రిలో తీవ్ర చికిత్సా విభాగం తెరిచాడు. ఇవాళ మనకు తెలిసిన ఐసీయూకు అదే తొలిరూపం.

కొరత ముంచుకొచ్చినప్పుడు ఎవరికివ్వాలన్న ప్రశ్న తప్పదు. అయితే చేతిలో ఉన్న వైద్యం నిజంగా పనిచేస్తోందా, మరో దారి ఉందా అని ముందు వెతకాలి. వార్డు బయట ఉన్నవాడి మాట వినాలి. రేపు మన ఊరి ఆసుపత్రికి అలాంటి రోజు వస్తే, జాబితాలో ఒక పేరు కొట్టేసే ముందు ఆ పని చేసి తీరాలి.