చాట మీది బీడీ నుంచి చేతిలోని మొబైల్ దాకా: ఇంటి మజ్దూరీ తారీఖ్

ఇంట్లో కూర్చునే సంపాదించండి, చదువు అక్కర్లేదు, రోజుకు రెండు గంటలు చాలు. ఈ తరహా మెసేజ్ ఏదో ఒక ఫ్యామిలీ గ్రూపులో మీకూ వచ్చే ఉంటుంది. ఖాలాజాన్ ఫార్వర్డ్ చేస్తుంది, ఆమెకు ఇంకెవరో పంపుతారు. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న అమ్మాయి దాన్ని రెండుసార్లు చదువుతుంది. ఉద్యోగం పోయిన అబ్బాయి కూడా చదువుతాడు. ఇదేదో ఇంటర్నెట్ తెచ్చిన కొత్త జమానా అని అందరం అనుకుంటాం.

తారీఖ్ తిరగేస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. ఇంట్లో కూర్చుని ఎక్కడో ఉన్న మార్కెట్ కోసం పనిచేయడం మన ఇళ్లలో తరాలుగా ఉన్నదే. జరీ తీగ, లేసు దారం, తునికాకు, కాతిబ్ కలం అన్నీ ఆ దాస్తాన్‌లో ఉన్నాయి. ఆ దాస్తాన్ తెలిస్తే, ఫోన్‌లోకి వచ్చే మెసేజ్‌లలో ఏది రోజీయో, ఏది ధోకాయో పోల్చుకోవడం సులువవుతుంది.

కార్ఖానా ఇంట్లోకి ఎందుకొచ్చింది?

హైదరాబాద్ పాతబస్తీ గల్లీల్లో ఇప్పటికీ కార్చోబ్ చట్రాలు కనిపిస్తాయి. మంచంలా పరిచిన చట్రానికి బట్ట బిగించి, చుట్టూ కూర్చుని జర్దోజీ పని చేస్తారు. బట్ట, డిజైన్ సేఠ్‌వి. వేళ్లు, కళ్లు, నడుం నొప్పి పనివాళ్లవి. లాడ్ బజార్‌లో మెరిసే లక్క గాజులు కూడా అంతే. వాటి మీద రాళ్లు అతికే పని చాలావరకు ఇళ్లలోనూ చిన్న చిన్న గదుల్లోనూ జరుగుతుంది. ఉజ్రత్ రోజు లెక్కన ఉండదు, పీసు లెక్కన ఉంటుంది.

సేఠ్‌కు ఇందులో చాలా ఫాయిదా ఉంది. గది కిరాయి లేదు, కరెంటు బిల్లు లేదు. పనివాళ్లందరూ ఒకచోట చేరి రేటు పెంచమని అడిగే అవకాశమూ లేదు. పనిచేసే ఆడవాళ్లకూ ఒక వెసులుబాటు ఉంది. పిల్లల్ని చూసుకోవచ్చు, పొయ్యి మీద కూర వదిలేసి పోనక్కర్లేదు, గడప దాటితే నలుగురూ ఏమంటారోనన్న ఫికర్ లేదు. ఇద్దరికీ పనికొచ్చే ఏర్పాటే. కాకపోతే రేటు చెప్పేది మాత్రం ఎప్పుడూ ఒక్కరే.

నర్సాపురం లేసు నేర్పిన సబక్

పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం ప్రాంతంలో 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఆడవాళ్లకు లేసు అల్లడం నేర్పారు. తర్వాత అదొక పెద్ద ఎగుమతి వ్యాపారమైంది. గోదావరి ఒడ్డున అల్లిన లేసు సముద్రాలు దాటి విదేశీ ఇళ్ల బల్లల మీదకు చేరింది. అల్లే ఆమెకు ఆ బల్ల ఎవరిదో తెలియదు, కొన్న వాళ్లకు అల్లింది ఎవరో తెలియదు. మధ్యలో ఏజెంట్లు, వాళ్ల పైన ఎక్స్‌పోర్టర్లు.

జర్మన్ సోషియాలజిస్ట్ మరియా మీస్ ఆ ఊళ్లలో తిరిగి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే కితాబ్ తెచ్చారు. ఆమె చెప్పిన అసలు మాట లేసు గురించి కాదు, లెక్క గురించి. ఇంటిపనితో పాటు రోజూ గంటల తరబడి అల్లే ఆ ఆడవాళ్లను ఎవరూ మజ్దూర్లు అనలేదు. గృహిణులు, తీరిక వేళ ఏదో అల్లుకుంటున్నారు అన్నారు. ఆ ఒక్క మాటతో మొత్తం హిసాబ్ మారిపోయింది. ఫుర్సత్‌లో చేసే పనికి పూర్తి ఉజ్రత్ ఎందుకివ్వాలి? కాలక్షేపానికి సెలవులెందుకు, పెన్షన్ ఎందుకు?

ఇప్పుడు మన ఫోన్లలోకి వచ్చే మెసేజ్‌లను మళ్లీ చూడండి. ఖాళీ సమయంలో, అదనపు ఆదాయం, పాకెట్ మనీ. మాటలు కొత్తవి, కొలబద్ద మాత్రం నర్సాపురం నాటిదే.

బీడీ కార్డు మీద పేరు

నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, మెదక్ వైపు బంధువులున్న వాళ్లకు బీడీల సంగతి చెప్పనక్కర్లేదు. హిందూ ఇల్లైనా ముస్లిం ఇల్లైనా ఒడిలో చాట పెట్టుకుని, తడిపిన తునికాకును కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టడం ఒకటే తీరు. హిసాబ్ వెయ్యి బీడీల లెక్కన. ఆకు, తంబాకు ఇచ్చేది కంపెనీ తరఫు మనిషి. బీడీలు తీసుకునేదీ ఆయనే. బాగాలేవని కొన్నిటిని ‘ఛాట్’ అని పక్కన పడేసేదీ ఆయనే. ఛాట్ అన్న బీడీకి పైసలు రావు.

ఇంటి మజ్దూరీ తారీఖ్‌లో ఒక పెద్ద మలుపు ఇక్కడే వచ్చింది. 1966లో కేంద్రం బీడీ, సిగార్ కార్మికుల చట్టం తెచ్చింది. ఇంట్లో కూర్చుని చుట్టే ఆమె కూడా కార్మికురాలేనని ఆ చట్టం ఒప్పుకుంది. ఆకు సరిగ్గా ఇవ్వకపోయినా, ఛాట్ పేరుతో పైసలు ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి ఒక దారి పెట్టింది. యజమానులు కోర్టుకెక్కారు. 1974లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని తేల్చింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. దాంతో దవాఖానాలు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు వచ్చాయి. బీడీ కార్మికులకు ప్రావిడెంట్ ఫండ్ కూడా వర్తించింది. తెలంగాణ వచ్చాక 2015లో వాళ్లకు ఆసరా పెన్షన్ మొదలైంది.

ఇదంతా పూర్తిగా అమలైందని నేననను. కార్డు లేని వాళ్లు ఎందరో ఉన్నారు. తంబాకు ధూళి ఊపిరితిత్తులను ఏం చేస్తుందో ఆ ఊళ్ల డాక్టర్లను అడిగితే చెబుతారు. పిల్లలు ఆ పనిలోకి వెళ్లాలని ఏ తల్లీ కోరుకోదు. కానీ ఆ కార్డు మీద ఒక పేరుంది. ఫలానా ఆమె, ఫలానా పని చేస్తుంది అని సర్కారు రాసిచ్చిన కాగజ్ అది. ఆన్‌లైన్‌లో పనిచేసే మన పిల్లల దగ్గర అలాంటి కాగజ్ లేదు.

కాతిబ్ కలం ఆగిన రోజు

నేను ఉర్దూ మీడియంలో చదువుకున్నాను. మా పాఠ్యపుస్తకాల్లో నస్తాలీఖ్ అక్షరాలు కాతిబ్‌లు చేత్తో రాసినవే. అఖ్బార్ల పేజీలూ వాళ్ల కలం నుంచే వచ్చేవి. కితాబులు, షాదీ రుఖ్ఖాలు ఇంట్లో కూర్చుని పేజీ లెక్కన రాసే కాతిబ్‌లు ఉండేవారు. అది హునర్, అదే రోజీ.

1981లో నూరీ నస్తాలీఖ్ వచ్చింది. మీర్జా అహ్మద్ జమీల్ తీర్చిన అక్షరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించారు, పాకిస్తాన్‌లో ‘జంగ్’ పత్రిక వాటితో అచ్చయింది. 1994లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక మామూలు పీసీ మీద కూడా ఉర్దూ కంపోజ్ చేయడం కుదిరింది. కాతిబ్‌ల పని తగ్గుతూ పోయింది. చెన్నైలో 1927లో మొదలైన ‘ముసల్మాన్’ లాంటి పత్రిక చేతిరాతను దశాబ్దాల పాటు నిలబెట్టుకుంది గానీ, అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టదగినవే.

పని మాయం కాలేదు, చేతులు మారింది. ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని పేజీకి ఇంత అని ఉర్దూ టైప్ చేసే కుర్రాళ్లు, అమ్మాయిలు వచ్చారు. కొత్త మెషీన్ వచ్చినప్పుడు పాత హునర్ ధర పడిపోతుంది, మెషీన్ నేర్చిన వాళ్లకు కొన్నేళ్లు గిరాకీ ఉంటుంది. ఆ తర్వాత ఇంకో మెషీన్ వస్తుంది. డేటా ఎంట్రీని నమ్ముకున్న వాళ్లు, తర్జుమా మీద బతికే వాళ్లు ఈ మాట ఇప్పుడు బాగా గుర్తు పెట్టుకోవాలి.

పెట్టెలో దాక్కున్న మనిషి

1770లో వియన్నా దర్బారులో వోల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ అనే ఆయన చదరంగం ఆడే యంత్రాన్ని చూపించాడు. చెక్క పెట్టె వెనుక ఒక బొమ్మ. తలపాగా, ఉస్మానీ లిబాస్. జనం దాన్ని ‘తుర్క్’ అన్నారు. దశాబ్దాల పాటు యూరప్, అమెరికాల్లో ఆడింది. నెపోలియన్ కూడా దానితో ఆడాడు. అసలు రహస్యం పెట్టె లోపల దాక్కున్న చదరంగం ఆటగాడు. 1854లో ఫిలడెల్ఫియాలో అగ్నిప్రమాదంలో ఆ యంత్రం కాలిపోయింది.

2005లో అమెజాన్ ఒక ఆన్‌లైన్ పని బజార్ తెరిచి, దానికి ఆ యంత్రం పేరే పెట్టింది: మెకానికల్ టర్క్. కంప్యూటర్ చేయలేని చిన్న చిన్న పనులు, ఫోటోలో ఏముందో చెప్పడం, రసీదు చదివి రాయడం లాంటివి, ప్రపంచంలో ఎక్కడో ఇంట్లో కూర్చున్న మనుషులు చేస్తారు. ఒక్కో పనికి కొన్ని సెంట్లు. అమెరికా తర్వాత ఎక్కువ మంది పనివాళ్లు మన దేశం నుంచే ఉండేవారు. 2009లో వచ్చిన ఇమేజ్‌నెట్ ఫోటోల ఖజానా మీదే ఈనాటి కృత్రిమ మేధ చూడటం నేర్చుకుంది. ఆ ఫోటోలకు పేర్లు పెట్టింది 167 దేశాల్లోని దాదాపు 49 వేల మంది ఆన్‌లైన్ పనివాళ్లు. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.

ఇంకో పోలిక చూడండి. ఆ బజార్‌లో పని ఇచ్చిన వాళ్లు నచ్చలేదని పనిని రిజెక్ట్ చేయవచ్చు. అప్పుడు పైసలు రావు. చేసిన పని మాత్రం వాళ్ల దగ్గరే ఉంటుంది. ఇది మన బీడీల ఛాటే. ఒక్క తేడా, బీడీ ఛాట్ మీద అడగడానికి 1966 చట్టం ఒక దారి పెట్టింది. దీని మీద అడగడానికి ఏ దఫ్తర్‌కు వెళ్లాలో చెప్పేవాళ్లు లేరు.

అన్నీ ఇంత చేదుగా లేవు. 2010లో మొదలైన ఫైవర్, 2015లో ఆ పేరు పెట్టుకున్న అప్‌వర్క్ లాంటి చోట్ల హునర్ ఉన్నవాళ్లకు మంచి రేటే దొరుకుతుంది. కమీషన్ పోతుంది, ఫైవర్ అయితే నూటికి 20 తీసుకుంటుంది. యూట్యూబ్ పెద్ద వీడియోల ప్రకటనల ఆదాయంలో నూటికి 55 చేసిన వాళ్లకిస్తుంది. 2018లో అక్కడ ఆ ఆదాయం మొదలవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలని ఖాయిదా పెట్టారు. 2015లో మొదలైన మీషో, వాట్సాప్‌లో చీరలు, సూట్లు అమ్మే గృహిణులతోనే పెరిగింది. 2016లో యూపీఐ వచ్చింది, జియోతో డేటా చవకైంది. దాంతో బిర్యానీ రెసిపీ చెప్పే ఆపా కూడా, మెహందీ డిజైన్లు వేసే అమ్మాయి కూడా గడప దాటకుండా బజార్‌కు చేరగలిగారు. ఇది చిన్న విషయం కాదు.

ఎవరు ఎవరికి ముందు ఇస్తారు?

ఇంత తారీఖ్‌లో ఒక ఖాయిదా ఎప్పుడూ మారలేదు. జర్దోజీ సేఠ్ ముందు బట్ట ఇస్తాడు. బీడీ కంపెనీ ముందు ఆకు ఇస్తుంది. లేసు ఏజెంట్ ముందు దారం ఇస్తాడు. ఎంత తక్కువ ఉజ్రత్ ఇచ్చినా, ఎంత ఛాట్ చేసినా, పని ఇచ్చేవాడే ముందు తన మాల్‌ను పనిచేసే మనిషి చేతిలో అమానత్‌గా పెట్టాడు. పని ఇస్తాను, ముందు నువ్వే పైసలు కట్టు అనేవాడు ఈ తారీఖ్‌లో మజ్దూరీ ఇచ్చేవాడిగా ఎక్కడా కనిపించడు.

2011లో స్పీక్ ఏషియా అనే కంపెనీ కథ గుర్తుందా? 11,000 రూపాయలు కడితే, ఇంట్లో కూర్చుని సర్వేలు నింపితే పైసలు వస్తాయన్నారు. దేశమంతా లక్షల మంది కట్టారు. కేసులయ్యాయి, ఖాతాలు స్తంభించాయి. సర్వే అనేది అక్కడ పని కాదు, పరదా మాత్రమే. ఒకరు కట్టిన పైసలు ఇంకొకరికి తిప్పే ఇలాంటి పథకాలను నిషేధిస్తూ 1978లోనే చట్టం ఉంది.

2023 జులైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన దందా విలువ 712 కోట్లు. తీరు అందరికీ తెలిసిందే. టెలిగ్రామ్‌లో చిన్న టాస్క్ ఇస్తారు, రివ్యూ రాయమంటారో వీడియో లైక్ చేయమంటారో. మొదట కొంచెం పైసలు నిజంగానే పంపుతారు. ఎతెబార్ కుదిరాక పెద్ద టాస్క్‌కు డిపాజిట్ అంటారు. కట్టిన పైసలు స్క్రీన్ మీద పెరుగుతూ కనిపిస్తాయి, చేతికి మాత్రం రావు. అలా జరిగితే బద్నామ్ అవుతామని దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే పైసలు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

పేరు, ఖాతా

అహ్మదాబాద్‌లో 1972లో ఇలా భట్ స్థాపించిన సేవా సంఘం ఇంటి పనివాళ్ల కోసం దశాబ్దాలుగా కొట్లాడింది. ఆ సంఘంలో చిందీ గుడ్డలతో బొంతలు కుట్టే ముస్లిం ఖవాతీన్ మొదటి వరసలో ఉన్నారు. అలాంటి సంఘాల మెహనత్ వల్లే 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పని మీద 177వ ఒడంబడిక తెచ్చింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో మాత్రం ఇంటి నుంచి పనిచేసే వాళ్లకు, ప్లాట్‌ఫామ్ పనివాళ్లకు విడివిడిగా నిర్వచనాలున్నాయి. నిర్వచనం నుంచి హక్కు దాకా ఎంత దూరమో బీడీ చేసే అమ్మలకు తెలుసు.

ఆ దూరం తగ్గేదాకా ఇంట్లోనే చేసుకోగలిగింది ఒకటుంది. మీ ఇంట్లో కోడలో, బేటీయో, ఇద్దరిలో ఎవరైనా ఆన్‌లైన్ పని చేస్తుంటే ఒక రాత్రి ఖానా అయ్యాక కూర్చుని కాపీ మీద హిసాబ్ రాయండి. ఎన్ని గంటలు కూర్చుంది, డేటాకు ఎంతైంది, కమీషన్ ఎంత పోయింది, చివరికి గంటకు ఎంత పడింది. ఫుర్సత్‌లో చేస్తుందిలే అని ఆ గంటలను కొట్టేయకండి. నర్సాపురంలో ఎక్స్‌పోర్టర్లు చేసింది అదే, మనం ఇంట్లో చేయకూడదు. ఆ తర్వాత ఇంకొక్కటి చూడండి. ఆ పైసలు ఎవరి ఖాతాలోకి వస్తున్నాయి? భర్తదో, అన్నదో అయితే, రేపే బ్యాంకుకు తీసుకెళ్లి ఆమె పేరున ఖాతా తెరిపించండి.