పడవ అద్దె, పడవ పోషణ: బెజవాడ కాలువల కథ

విజయవాడ నడిబొడ్డున బయలుదేరి ఏలూరు రోడ్డు వెంట తూర్పుగా పోవు బాటసారికి, మేరీమాత కొండ గల గుణదల చేరువలో, పడవలరేవు అను కూడలి తగులును. ఆటోలును సిటీబస్సులును ఎడతెగక సంచరించు ఆ తావున నేడు పడవయు లేదు, పడవ నడుపు సరంగును లేడు. కాని ఆ చేరువనే ప్రవహించు ఏలూరు కాలువ ఒకప్పుడు కృష్ణకును గోదావరికిని నడుమ నీటి రాజమార్గమై, బియ్యపు బస్తాలను, పెళ్ళివారిని, పరీక్షలకు పోవు విద్యార్థులను, జమాబందికి వెడలు దొరలను ఒకే ప్రవాహము మీద మోసికొనిపోయినది. ఇప్పుడు కృష్ణలో విహారమునకు పడవ మాట్లాడుకొనువారు ఆ చరిత్రను తలచుకొనరు. తలచుకొనవలసిన అవసరము మాత్రము చాల గలదు. ఏలయన పడవను అద్దెకిచ్చుట యనగా ఏమో, అద్దె పుచ్చుకొన్నవాడు పడవకును ప్రయాణికునకును ఏమి ఋణపడియుండునో, ఈ డెల్టా ఒకనాడు చక్కగా ఎరిగియుండెను.

నందన నామ సంవత్సరపు కరవు, అనగా 1832–33 నాటి ఘోరక్షామము, గుంటూరు సీమను సగము శ్మశానము చేసిన పిమ్మట గాని కృష్ణ నీటిని నిలుపవలెనను తలంపు దొరతనమువారికి గట్టిపడలేదు. ధవళేశ్వరమున 1847లో ఆనకట్ట మొదలిడిన ఆర్థర్ కాటన్ ప్రేరణమున, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణమున, బెజవాడ కొండల నడుమ కృష్ణానదికి 1852లో ఆనకట్ట పని ప్రారంభమై 1855 నాటికి ముగిసినది. తూర్పుగట్టున బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. పడమటిగట్టున సీతానగరము నుండి దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువ: ఇవి పొలములకు నీరిచ్చుటకు మాత్రమే త్రవ్వినవి కావు. కాటన్ దృష్టిలో కాలువ యనగా సేద్యమును నౌకాయానమును ఏకకాలమున సాధించు సాధనము. రైలు కంటె జలమార్గము దేశమునకు చౌక యని ఆయన 1878లో బ్రిటిష్ పార్లమెంటు విచారణసంఘము ఎదుట పట్టుదలతో వాదించెను. ఆయన వాదము నెగ్గలేదు. కాని ఆయన త్రవ్వించిన కాలువలు దానికి సాక్ష్యముగా మిగిలినవి.

ఏలూరున కృష్ణ కాలువయు గోదావరి కాలువయు ఒకదానినొకటి చేరుట చేత, రెండు మహానదుల డెల్టాలు పడవకు ఒకే దేశమైనవి. పట్టిసీమ నుండి తెచ్చిన గోదావరి నీటితో ఇబ్రహీంపట్నము వద్ద 2015లో జరిగిన నదుల అనుసంధానమును మనము గొప్ప వింతగా చూచితిమి గాని, అంతకు శతాబ్దమునకు మునుపే సామాన్యుడైన సరంగు తెరచాప యెత్తి, గోదావరి నీటి నుండి కృష్ణ నీటికి తన పడవను తెచ్చుచుండెను. దక్షిణమున కొమ్మమూరు కాలువ పెదగంజాము వద్ద బకింగ్‌హాం కాలువతో కలియగా, కాకినాడ రేవున ఎక్కిన సరుకు చెన్నపట్టణము దాక ఉప్పుసముద్రమున పడకయే చేరగలిగెను.

ఆనాటి పడవలు ఒక జాతివి కావు. సరుకు పడవలు వెడల్పుగా, లోతు తక్కువగా ఉండెడివి; రహదారి పడవలు మనుష్యులకు. సాయంకాలమున ఎక్కి, కడుపునిండ భుజించి, చాపపై నిద్రించి, తెల్లవారుసరికి గమ్యమునకు చేరుట డెల్టావాసులకు అలవాటైన ప్రయాణము. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిస్టర్ పార్వతీశం’ మొగల్తూరు నుండి లండనుకు సాగించిన మహాయాత్రకు మొదటి అంకము నిడదవోలు దాక పడవ ప్రయాణమే యనుట పాఠకులు మరువరు. ఇక పెళ్ళివారు, కుటుంబముతో పోవు గృహస్థులు పడవ మొత్తమును మాట్లాడుకొనెడివారు. కలెక్టర్లు, ఇంజనీర్లు, క్రైస్తవ మిషనరీలు పడక, వంట, రాతబల్ల గల పడవటిళ్ళలో నెలలకొలది పర్యటించిరి. విహారమునకై నీటిమీద ఇల్లు కట్టుకొనుట మనకు నిన్న మొన్న కేరళ నేర్పిన విద్య యని తలంచుట సత్యము కాదు. పడవటిల్లు ఈ కాలువలలో ఉద్యోగధర్మముగా పుట్టి, ఆ ధర్మము పోగానే నశించినది.

గాలి అనుకూలించినప్పుడు తెరచాప. అనుకూలింపనప్పుడు కట్టవెంట నడచు కళాసులు తాడుతో లాగుట. లోతు తక్కువైన చోట గెడ. వంతెన వచ్చినపుడు కొయ్యను వంచి పడవను దాటింపవలెను. నీటిమట్టము మారుచోట లాకులు. పడవ లోనికి రాగానే వెనుక తలుపులు మూసి, నడిమి గదిని నీటితో నింపియో వదలియో, ముందుమట్టముతో సమము చేసి, ముందు తలుపులు తెరచుట ఈ యంత్రాంగము. వినుటకు సులభమే, కాని తలుపు సందు కారినచో, లాకు లస్కరు పరధ్యానమున నున్నచో, పడవ ఒరిగి రాతిగోడను కొట్టుకొనును. కాబట్టి లాకు వద్ద ఎవడును తొందరపడరాదు. కలెక్టరు పడవయైనను ధాన్యపు పడవయైనను, నీరు సమమగుదాక నిలువవలసినదే. 1890 నాటి మదరాసు చట్టము కాలువలలో తిరుగు పడవలకు రిజిస్ట్రేషనును, లైసెన్సును, రుసుమును విధించెను. రుసుము చెల్లించి తిరుగు పడవ ఎవరిదో, ఎంత బరువు మోయునో సర్కారు పుస్తకములో నుండుట మూలమున, ఆ పడవ యజమానికి అజ్ఞాతవాసము సాధ్యము కాదు.

అయినను చట్టము కంటె బలమైనది కాలువయొక్క ఋతుధర్మము. ప్రతి వేసవిని కాలువలు కట్టివేయుదురు. పూడిక తీయుటకును, తలుపులు బాగుచేయుటకును అది నియతమైన కాలము. కాలువలో నీరు లేనినాడు పడవకు బ్రతుకుతెరువు లేదు గనుక, యజమాని ఇష్టపడినను పడకున్నను పడవ కట్ట మీదికి ఎక్కవలసినదే. ఆ విశ్రాంతియే దానికి చికిత్స. పలకల నడుమ సందులలో పాత పీచు లాగివేసి, క్రొత్త నారయో నూలో ఉలితో కూరి, నూనెతో కాచిన గుగ్గిలము పూసి, మెత్తబడిన పలకను తీసి మంచి టేకు చేర్చి, ఇనుప మేకుల తుప్పును రాచి, చుక్కాని ఇరుసును సరిచూచి, తెరచాప చిరుగులు కుట్టి, తొలకరి నీరు వచ్చుసరికి సిద్ధపరచెడివారు. ఎండలో ఊరక పడియున్న కొయ్య బీటలువారును గనుక, తాటాకు నీడ వేసి తడుపుచుండవలెను. ఇది సరంగుకు తండ్రి నేర్పిన పని. సంవత్సరమున కొన్ని వారములు పడవ సంపాదింపదని యజమాని ముందే ఎరిగియుండుట చేత, ఆ నష్టము అద్దె ధరలోనే ఇమిడియుండెను. ప్రయాణికుడు చెల్లించిన సొమ్ములో వేసవి గుగ్గిలపు వెలయు నుండెడిది.

నా మనసునకు ఇది చరిత్రలోని చిన్న వివరము కాదు. నేటి విహార నౌకల దుఃస్థితికి మూలకారణమును వెదకినచో, ఆ వేసవి కట్టుబాటు నశించుటయే కనబడును.

నాశనము ఒక్కనాట జరుగలేదు. 1893లో కృష్ణపై రైలు వంతెన తెరచిన పిమ్మట చెన్నపట్టణపు ప్రయాణికులు కాలువను విడనాడిరి; 1908లో బెజవాడ–బందరు రైలు వచ్చి బందరు కాలువ ప్రయాణికులను తీసికొనిపోయెను; స్వాతంత్ర్యానంతరము లారీ వచ్చి సరుకును తీసికొనిపోయెను. 1952 వరదలో పాత ఆనకట్టకు గండిపడగా, దాని స్థానమున 1954 ఫిబ్రవరి 13న మొదలై 1957 డిసెంబరు 24న ప్రారంభోత్సవము పొందిన ప్రకాశం బరాజు డెబ్బది తలుపులతో నిలిచినది. కాలువల నీరు పొలములకు పెరిగినది. పడవలకు వంతెనలు క్రుంగినవి, లాకులు తుప్పుపట్టినవి.

కాని బరాజు మరియొక పని చేసినది. ఎగువన ఏడాది పొడవున నిలుచు విశాల జలాశయమును సృష్టించెను. దుర్గాఘట్టము ఎదుట దసరా ముగింపున అమ్మవారి తెప్పోత్సవము జరుగునప్పుడు హంసవాహనము విద్యుద్దీపములతో తిరుగాడు నీరు అదియే. ప్రవాహము ఉద్ధృతమైన యేట అధికారులు వాహనమును కదలనీయక, కట్టియుంచి పూజ జరిపింతురు. కృష్ణ ఒప్పనినాడు దేవతయే ఒడ్డున నిలుచుట ఈ ఊరి సంప్రదాయము. ఆ జలాశయము నడుమ నూట ముప్పది ఎకరములకు పైబడిన భవానీద్వీపమును పర్యాటకాభివృద్ధిసంస్థ విహారస్థలము చేసి, బెర్మ్ పార్కు నుండి పడవలు నడిపించుచున్నది. బోధిసిరి వంటి రెండంతస్తుల నౌక, పెడలు పడవ, వేగపు బోటు, అన్నియు అద్దెకు దొరకును. పెళ్ళిచూపులకును, పుట్టినరోజులకును నౌకలో విందు కోరువారు పెరిగిరి. ఉత్సాహము న్యాయమే.

2017 నవంబరు 12, కార్తిక ఆదివారము. గోదావరి నీరు కృష్ణలో కలియు పవిత్రసంగమమున హారతి చూడగోరి ఒంగోలు నుండి వచ్చిన యాత్రికులతో ఒక ప్రైవేటు పడవ ఇబ్రహీంపట్నము చేరబోవుచు తల్లక్రిందులైనది. ఇరువదిమందికి పైగా మరణించిరి. దానికి అక్కడ తిరుగుటకు అనుమతి లేదని పిమ్మట తేలెను. రెండేండ్లకు, 2019 సెప్టెంబరు 15న, పాపికొండల యాత్రకు పోవు నౌక కచ్చులూరు వద్ద గోదావరి వరదలో మునిగినది. ఎందరో పోయిరి, నౌకయే నదీగర్భమున అయిదు వారములకు పైగా పడియుండగా, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందము తాళ్ళతోను లంగరులతోను తమకు వంశానుగతమైన యుక్తితో దానిని వెలికితీసెను. యంత్రములు ఎన్ని వచ్చినను, నీటి స్వభావము ఎరిగిన చేతికి ప్రత్యామ్నాయము లేదని ఆనాడు రాష్ట్రమంతయు చూచినది.

ఈ విషాదములలో పడవ ఎంత పాతది, ఎంత లోతు తేలును, ఎందరిని మోయును అనునవి ప్రశ్నలలో సగమే. దానిని చివరిసారి ఒడ్డుకెక్కించి అడుగు పరీక్షించినది ఎవరు, ఎన్నడు? ప్రాణరక్షక కవచములు ఎండకు చివికినవా, కట్టుకొనుటకు దట్టీలు ఉన్నవా? వరదనీటిలో పోరాదని చెప్పుటకు సరంగునకు యజమాని ఎదుట నోరున్నదా? ఆదివారపు రద్దీలో ఆదాయము పోగొట్టుకొనుట కష్టమని యజమాని భావించినపుడు, కాలువ కట్టునాడు నిర్బంధముగా కలిగిన విశ్రాంతి ఈ పడవలకు ఎవరిచ్చెదరు? 1917 నాటి అంతర్దేశీయ నౌకల చట్టమును త్రోసిరాజని 2021లో పార్లమెంటు చేసిన క్రొత్త చట్టము దేశమంతటికి ఒకే రిజిస్ట్రేషను, నియతకాల తనిఖీ పత్రము, బీమా విధించినది. యంత్రము లేని నాటుపడవలను సైతము స్థానిక స్వపరిపాలన సంస్థలు నమోదు చేయవలెనన్నది. చట్టము చాల మంచిది. కాని తనిఖీ పత్రము గోడకు వ్రేలాడదీసినంత మాత్రమున పడవ అడుగుకు గుగ్గిలము పట్టదు.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బెజవాడకు ఈ పాఠము వేరొక రూపమున వచ్చినది. ఒకవైపు బుడమేరు పొంగి సింగ్ నగర్ మొదలైన ప్రాంతములు మునిగి, పాలును నీళ్ళును పడవలలో పంచవలసిన దినములవి. మరియొకవైపు కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహము బరాజు చరిత్రలోనే మునుపు ఎరుగనిది. ఎగువన సరిగా కట్టని ఇసుక పడవలు కొన్ని, ఒక్కొక్కటి టన్నులకొలది ఇనుము, తాళ్ళు తెంచుకొని వచ్చి బరాజు తలుపులను కొట్టుకొని, బరువుదిమ్మెలను పగులగొట్టెను. వానిని కదలించుటకు నీటిలోనికి దిగి కోయువారిని, లాగువారిని విశాఖ, కాకినాడల నుండి పిలిపింపవలసి వచ్చెను, వారములు గడచెను. అవి విహార నౌకలు కావని నేను ఎరుగుదును. కాని పడవను వరదకు ముందు ఏ గుంజకు ఎట్లు కట్టవలెనో, ఎవని బాధ్యతమీద కట్టవలెనో, ఆ నియమము విహారనౌకకును ఇసుక పడవకును ఒకటే; లక్షల ఎకరముల నీరు నిలుపు తలుపులకు దిగువ బెజవాడ యంతయు నిద్రించుచున్నదని ప్రతి పడవ యజమానియు తెలిసికొనవలెను.

కాకినాడ నుండి పుదుచ్చేరి దాక పోవు జాతీయ జలమార్గము 4ను 2008లో ప్రకటించిరి. అందులో ముక్త్యాల–విజయవాడ నడుమ 82 కిలోమీటర్ల కృష్ణకు 2017లో పని మొదలిడిరి. ఏలూరు కాలువ 139 కిలోమీటర్లును అందలి భాగమే. అది నౌకాయానమునకు తిరిగి యోగ్యము కావలెనన్నచో వంతెనలు ఎత్తవలెను, లాకులు కట్టవలెను, కాలువలో మురుగు పడకుండ చేయవలెను. అది పెద్ద వ్యయము, పెద్ద కాలము. అంతవరకు గుణదల ప్రక్క రైవస్, ఏలూరు కాలువల నీటిమీద చిన్న విహార పడవలు తిప్పవలెనను ఆశ నాకు గలదు, దానిని దాచుకొనను. ఒడ్డున చెట్లు, దూరమున కొండపై మాత గుడి, సాయంకాలపు గాలి: ఇంతటి విహారమునకు సముద్రము అక్కరలేదు.

అయితే ఆ పని మొదలిడునాడు టికెట్టు గదికంటె ముందు కట్టవలసినది పడవలను ఒడ్డుకెక్కించు వాలుగట్టును, మరమ్మతు పాకను. ఏటా కాలువ కట్టిన వారములలో ప్రతి పడవయు ఆ గట్టునకు ఎక్కవలెను. ఆ వారముల సరంగుల జీతమును ఆదాయము లేదను నెపమున ఆపరాదు. తాళ్ళరేవు ప్రాంతమున కోరంగి నాటి నుండి ఓడలు కట్టిన వడ్రంగుల పని ఇంకను జీవించియున్నది. వారిలో నేర్పరులను రప్పించి, బెజవాడ కుర్రవాండ్రకు కొయ్యపలక నొక్కి దాని ఆరోగ్యము తెలిసికొనుటను, ఫైబరు అడుగులో సన్నని బీటను వ్రేలితో తడిమి పట్టుటను, లంగరు తాడు ముడి వేయుటను నేర్పింపవలెను. ఆ శిక్షణకు అగు వ్యయమును మొదటి సంవత్సరపు అద్దెలలోనే లెక్కవేసి, ధరల పట్టికలో ప్రయాణికునకు కనబడునట్లు వ్రాయించుట మంచిది.