రంగునీళ్ళూ ఊకబొగ్గూ

గోదావరికి ఎర్రనీళ్ళు తగిలాయంటే పూర్వం కొవ్వూరు రేవు వెంట ఇళ్ళలో చిల్లగింజకు పని పడేది. కుండ లోపలి గోడకు దాన్ని అరగదీసి నీళ్ళు పోస్తే ఒండ్రు అడుక్కి దిగి పైన తేట నిలిచేది. నీళ్ళలో తేలే మట్టిని కూడగట్టి దించడమే ఆ గింజ పని. కరిగిన రంగు జోలికి పోలేదు. పోవలసిన అవసరమూ అప్పట్లో లేదు. మచిలీపట్నం అద్దకాలకు చిరివేరు, నీలిమందు, కరక్కాయే ఆధారం. నీలితొట్ల కంపు భరించలేనిదే గాని, ఆ మురుగును మట్టిలోని సూక్ష్మజీవులు చాలావరకు అరిగించుకునేవి.

1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ళ విలియం పెర్కిన్ క్వినైన్ చేయబోయి, తారు సరుకు నుంచి ఊదారంగు తీశాడు. 1869కి చిరివేరు ఎరుపుకు పోటీగా కృత్రిమ అలిజరిన్, 1897లో జర్మన్ కంపెనీ వారి కృత్రిమ నీలి, 1956లో నూలుపోగును రసాయనబంధంతో పట్టుకునే రియాక్టివ్ రంగులు వచ్చాయి. సబ్బుకు లొంగకూడదనే ఈ రియాక్టివ్ రంగులను చేశారు. బట్ట మీద మెచ్చుకున్న ఆ మొండితనం ఏటిలో పడ్డాక సూక్ష్మజీవులకు అంత సులువుగా కొరుకుడు పడలేదు. పైగా వేసిన రియాక్టివ్ రంగంతా పోగుకు పట్టదు. మిగిలింది కడుగునీళ్ళలో పోతుంది.

దీనికి విరుగుడు రోగం కంటే ముందే పుట్టడం విచిత్రం. 1785లోనే రష్యాలో లోవిట్జ్ అనే రసాయనవేత్త కట్టెబొగ్గు ద్రావణాల రంగును లాగేస్తుందని గమనించాడు. తర్వాత పదేళ్ళలోపే ఇంగ్లండ్ పంచదార శుద్ధికారులు దాన్ని పనిలో పెట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువు ముసుగుల్లోకి కొబ్బరిచిప్పల బొగ్గు ఎక్కింది. రంగు బొగ్గులో ఇంకదు, దాని సన్నని రంధ్రాల గోడలకు అంటుకుంటుంది. రంధ్రాలు పెరిగేలా తయారుచేసిన మంచి ఉత్తేజిత బొగ్గు గ్రాములో ఆ గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తాయి. చిక్కల్లా ధర.

అందుకే 1970ల నుంచి పరిశోధకులు చౌక సరుకు వెతుకుతున్నారు. రంపపు పొట్టు అయింది, పీట్ మట్టి అయింది. 1990లలో కోయంబత్తూరులో నమశివాయం బృందం అరటిదవ్వ, కొబ్బరి పొట్టు పట్టుకుంది. ఆ లెక్కన కొవ్వూరు చుట్టుపక్కల దేనికి కొదవ? మిల్లుల ఊక, చెరకు పిప్పి, దేవరపల్లి వైపు పొగాకు మోళ్ళు, కోనసీమ కొబ్బరి, భీమవరం రొయ్య పెంకులు. ఊక, పిప్పి లాంటి వాటికి ఎక్కువగా రుణావేశం ఉంటుంది కాబట్టి ధనావేశమున్న మిథిలీన్ బ్లూ అనే రంగు ఇట్టే అతుక్కుంటుంది. రొయ్య పెంకుల్లోంచి తీసే కైటోసాన్‌ది ఆమ్లజలంలో ధనావేశం. రుణావేశపు రియాక్టివ్ రంగులను అది పట్టుకుంటుంది.

ఇక్కడే నా ఫిర్యాదు. పరిశోధన పత్రాల్లో ఎక్కడ చూసినా మిథిలీన్ బ్లూయే, అదీ స్వేదనజలంలో కలిపిందే. నూలు అద్దకం తొట్టిలో అది అరుదు. అక్కడుండేవి రియాక్టివ్ రంగులు, సోడా, వాటికి తోడు బోలెడంత ఉప్పు. ఊకబొగ్గు రంగును తీసినా కరిగిన ఉప్పును తీయలేదు. తమిళనాడులో తిరుప్పూరు మీదుగా పారే నొయ్యల్ నదిని పాడుచేసింది రంగొక్కటే కాదు, ఆ ఉప్పు కూడా. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు తిరుప్పూరు అద్దకం యూనిట్లను మూయించింది. గోదావరి దాటి రాజమండ్రి తాడితోట బట్టల బజారుకు వెళ్ళి మనం కొనే రంగుబట్టల్లో చాలావరకు ఎక్కడో అద్దినవే. వాటి కడుగునీళ్ళు మరొకరి ఏట్లో కలిశాయి.

రంగు పట్టిన ఊకను ఏం చేయాలన్నది మరో తలనొప్పి. పూడిస్తే రంగు మళ్ళీ నేలలోకి దిగవచ్చు; కాలిస్తే పొగను అదుపు చేసే కొలిమి కావాలి. ఇంతలో ఊకకే గిరాకీ పెరిగింది. ఒకప్పుడు మిల్లు వెనక గుట్టలుగా పడి ఉండేదాన్ని ఇప్పుడు బాయిలర్లకూ ఇటుక బట్టీలకూ డబ్బిచ్చి కొంటున్నారు. వ్యర్థమనుకుని లెక్కలు వేసిన వాళ్ళు ఇక దాని ఖరీదు, లారీ కిరాయి కూడా కలుపుకోవాలి.