డోర్నకల్ క్రైస్తవ సంఘాలు: బాప్తిస్మం, నడవడి

నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ కేంద్రంగా తెలుగు పల్లెల్లో పెరిగిన ఆంగ్లికన్ సంఘాలు, క్రీస్తు విశ్వాసులమనే గుర్తింపు మీద నీతి జీవనాన్ని నిలబెట్టాయి. దీనికి రూపమిచ్చినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1874–1945). తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన ఈ తమిళుడు తెలుగు నేర్చుకుని ఇక్కడే పనిచేశాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు.

సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగలు. ఊరు వారికి అంటగట్టిన పేరు కులానిది. బాప్తిస్మం ఇచ్చింది దేవుని బిడ్డలనే పేరు. కూడికల్లో అజరయ్య వారిచేత తలమీద చెయ్యి పెట్టించి, తాము బాప్తిస్మం పొందినవారమని, సువార్త చెప్పడం తమ బాధ్యత అని పలికించేవాడు. ఆయన చేసిన పనుల్లో అన్నిటికంటే లోతైనది ఇదే. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను వదిలించుకొమ్మని ఆయన బోధిస్తే, తమ కొత్త పేరుకు తగిన నడవడి అదేనని వారు గ్రహించగలిగారు. నిరుపేదలు సైతం వండుకునే ముందు పిడికెడు బియ్యం తీసిపెట్టి సంఘానికి ఇచ్చేవారు. మారిన ఆ బతుకులు చూసి కొన్నిచోట్ల శూద్ర కులాలవారూ సంఘంలోకి వచ్చారు.

గుమ్మటాలు, మినార్లతో దేశీయ శైలిలో కట్టిన డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్‌ను 1939లో ప్రతిష్ఠించారు. డోర్నకల్ అధ్యక్ష మండలం (బిషప్ పరిధిలోని సంఘాల సముదాయం) 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసింది.