పాత పికప్ బండి స్టీరింగ్ బిగుసుకుంటే లోపం ఎక్కడుందో తెలుసుకునే పద్ధతి

కూరగాయలు, పండ్లు, పాలు సొంతంగా మార్కెట్‌కు చేర్చుకోవడానికి చాలామంది చిన్న రైతులు సెకండ్ హ్యాండ్ పికప్ బండ్లు కొంటున్నారు. పది, పదిహేనేళ్లు తిరిగిన ఈ బండ్లలో ఇంజిన్ మీద పెట్టిన శ్రద్ధ స్టీరింగ్ మీద పెట్టరు. కొంచెం గట్టిగా తిరిగినా "పాత బండి కదా" అని సర్దుకుపోతారు. స్టీరింగ్ బిగుసుకోవడం ఒక్కరోజులో వచ్చే లోపం కాదు కాబట్టి చేతులు దానికి అలవాటు పడిపోతాయి. తెల్లవారుజామున నిండా టమాటా బాక్సులతో మదనపల్లె మార్కెట్‌కు బయల్దేరినప్పుడు, మలుపు తిరిగాక స్టీరింగ్ వెనక్కి రాకపోతే అప్పుడు గాని ప్రమాదం తెలియదు.

ఇందులో డబ్బు నష్టం కూడా ఉంది. లోపం ఎక్కడుందో తేల్చుకోకుండా ముందు స్టీరింగ్ బాక్స్, తర్వాత పంపు, ఆ తర్వాత ఎండ్లు అంటూ ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే ఒక పంట మిగులు షెడ్డులోనే అయిపోతుంది. ఆకులు పసుపు రంగుకు తిరిగితే అది నత్రజని లోపమా, నీరు నిలిచిందా, వేరుకుళ్లా అని మొక్కను పీకి చూశాకే మందు వేస్తాం. స్టీరింగ్ విషయంలోనూ అదే పద్ధతి పాటించాలి.

ముందుగా లక్షణాన్ని గమనించాలి

ఖాళీ బండిని ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి, ఈ కిందివాటిలో ఏది కనిపిస్తోందో చూడాలి.

- ఆగి ఉన్నప్పుడు బాగా బరువుగా ఉండి, వేగం పెరిగితే తేలికవుతోంది: ముందు టైర్లలో గాలి తక్కువ కావచ్చు, పవర్ స్టీరింగ్ సరిగా పనిచేయకపోవచ్చు.
- చక్రం ఒక చుట్టు తిప్పితే రెండుచోట్ల పట్టి, మధ్యలో వదులుతోంది: స్టీరింగ్ రాడ్డులోని యూనివర్సల్ జాయింట్ తుప్పు పట్టి ఉండవచ్చు.
- నేరుగా వెళ్లేటప్పుడు పట్టినట్లు ఉండి, పక్కకు తిప్పితే వదులుతోంది: స్టీరింగ్ బాక్స్ అడ్జస్టింగ్ స్క్రూ ఎక్కువ బిగించి ఉండవచ్చు.
- మలుపు తిరిగాక తనంతట తాను వెనక్కి రావడం లేదు: కింగ్ పిన్, బాల్ జాయింట్లలో గ్రీజు ఎండిపోయి ఉండవచ్చు లేదా అలైన్‌మెంట్ తప్పి ఉండవచ్చు.
- ఒకవైపు మాత్రమే బరువుగా ఉంది: పవర్ స్టీరింగ్ బాక్స్ లోపలి వాల్వు, సీళ్లను చూపించాలి. బండి ఒకవైపుకు లాగుతుంటే మాత్రం ముందు టైర్ల గాలి, బ్రేకులు చూడాలి.
- తిప్పినప్పుడు కీచుమని శబ్దం వస్తోంది: పంపు బెల్టు వదులైంది. మూలుగుతున్నట్లు శబ్దం వస్తే ఆయిల్ తగ్గింది లేదా అందులో గాలి చేరింది.

గమనించిన లక్షణాన్ని కాగితం మీద రాసి పెట్టుకోవాలి. "స్టీరింగ్ టైట్‌గా ఉంది" అనే దానికన్నా "చుట్టుకు రెండుచోట్ల పడుతోంది" అని చెబితే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది.

ఖర్చు లేకుండా ఇంటి దగ్గరే చూసుకోవాల్సినవి

1. టైర్ల గాలి: బండి నడపక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గేజితో చూడాలి. తలుపు చట్రం మీది స్టిక్కర్‌లో లేదా బండి పుస్తకంలో ఉన్నంత గాలి ఉండాలి. వెనుక చక్రాలకు బరువును బట్టి గాలి పట్టించి, ముందు చక్రాలను వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు.

2. టైర్ల సైజు: కంపెనీ చెప్పినదానికన్నా వెడల్పు టైర్లు వేస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది. రెండు ముందు టైర్లూ ఒకే సైజు, ఒకే రకం ఉండాలి.

3. పవర్ స్టీరింగ్ ఆయిల్: బండిని సమంగా ఉన్న చోట ఆపి డబ్బాలో మట్టం చూడాలి. ఆయిల్ తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. పోసి వదిలేయకుండా పైపులు, పంపు, బాక్స్ కింద తడి ఉందేమో చూడాలి. ఆయిల్ నురగగా ఉంటే గాలి చేరినట్లు, నల్లగా మారి మాడు వాసన వస్తే మార్చాల్సిన సమయం దాటినట్లు.

4. బెల్టు: ఇంజిన్ ఆపి, తాళం తీసేసి చూడాలి. పగుళ్లు, అద్దంలాంటి నునుపు, ఆయిల్ తడి ఉంటే బెల్టు మార్చాలి.

5. పెడల్స్ పక్కన: కాళ్ల కింది మ్యాటు, వైర్ల కట్ట స్టీరింగ్ రాడ్డుకు ఆనుకుంటున్నాయేమో టార్చి వేసి చూడాలి.

పవర్ స్టీరింగ్ ఉన్న బండిలో ఇంకొక చిన్న పరీక్ష ఉంది. బండిని న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి ఇంజిన్ స్టార్ట్ చేయాలి. మామూలు ఐడిల్‌లో స్టీరింగ్ బరువుగా ఉండి, కొద్దిగా రేజ్ చేస్తే తేలికైతే బెల్టు జారుతోందని లేదా పంపు బలహీనపడిందని అనుమానించాలి. రేజ్ చేసినా తేడా లేకపోతే కింది పరీక్షకు వెళ్లాలి.

జాకీ పరీక్ష

లోపం టైర్లు, పవర్ వైపు ఉందా, ఇనుప భాగాల్లో ఉందా అన్నది ఈ పరీక్షతో తేలుతుంది.

గట్టి నేల మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో ఉంచి, వెనుక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. ముందు భాగాన్ని జాకీతో లేపి, రెండువైపులా ఛాసిస్ లేదా యాక్సిల్ కింద గట్టి స్టాండ్లు పెట్టాలి. ఒక్క జాకీనే నమ్ముకుని బండి కిందికి వెళ్లకూడదు. దున్నిన నేల మీద, ఇటుకల మీద ఈ పని చేయకూడదు.

ఇంజిన్ ఆపి, స్టీరింగ్ లాక్ పడకుండా తాళం తిప్పి ఉంచి, చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పాలి.

- గాలిలో తేలికగా, ఒకే తీరుగా తిరిగితే: ఇనుప భాగాలు చాలావరకు బాగానే ఉన్నాయి. టైర్లు, అలైన్‌మెంట్, బెల్టు, పంపు వైపు చూడాలి.
- గాలిలో కూడా పట్టేస్తుంటే: ఏదో ఒక జాయింటు లేదా బాక్స్ బిగుసుకుంది. పంపు మార్చినా ఉపయోగం ఉండదు.

పవర్ స్టీరింగ్ బండిలో ఇంజిన్ ఆపి తిప్పితే ఆయిల్ వల్ల కొంత బరువు ఉంటుంది. ఆ బరువు చివరిదాకా ఒకేలా ఉంటే లోపం కాదు. ఒకచోట పట్టి, ఇంకోచోట వదిలితేనే లోపం.

లింకు విప్పి చూడడం

ఇది మెకానిక్ చేయాల్సిన పని. రైతు దగ్గరుండి చూసుకోవాలి. స్టీరింగ్ బాక్స్ చేతి నుంచి చక్రాలకు వెళ్లే లింకు రాడ్డును ఒకచోట విప్పించాలి. ర్యాక్ రకం బండిలో రెండువైపులా ఎండ్లు విప్పాలి. అప్పుడు రెండు భాగాలను విడివిడిగా చూడాలి.

స్టీరింగ్ చక్రాన్ని తిప్పితే ఇంకా పట్టేస్తుంటే లోపం పైభాగంలో, అంటే స్టీరింగ్ కాలమ్, యూనివర్సల్ జాయింట్, బాక్స్ లేదా ర్యాక్‌లలో ఉంది. లింకు విప్పి ఉన్నప్పుడు చక్రాన్ని చివరిదాకా గట్టిగా కొట్టకూడదు.

స్టీరింగ్ తేలికై, ముందు టైర్లను చేతితో అటూ ఇటూ తిప్పితే గట్టిగా ఉంటే లోపం కిందిభాగంలో, అంటే కింగ్ పిన్లు, బాల్ జాయింట్లు, ఎండ్లలో ఉంది. ముందు కమాను కట్టలు, నిండు యాక్సిల్ ఉన్న బండ్లలో సాధారణంగా కింగ్ పిన్లు ఉంటాయి, మిగతావాటిలో బాల్ జాయింట్లు ఉంటాయి.

నాకు తెలిసిన ఒక టమాటా రైతు బండికి షెడ్డులో స్టీరింగ్ బాక్స్ మార్చారు. నెల తిరగకముందే మళ్లీ అదే బాధ. ఇంకో మెకానిక్ లింకు విప్పి, బాక్స్‌ను, పై రాడ్డును వేరు చేసి చూస్తే పెడల్స్ కింద ఉన్న యూనివర్సల్ జాయింట్ చేతితో మడిచినా కదలలేదు. బురద నీళ్లు పడి తుప్పు పట్టింది. బాక్స్ ఖర్చులో అది ఏ మూలకూ రాదు. పాత బాక్స్ మంచిదేనని అప్పుడు తెలిసింది.

ఎక్కడ లోపానికి అక్కడ మరమ్మతు

యూనివర్సల్ జాయింట్: కొద్దిపాటి తుప్పు అయితే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి, ఆడించి చూడవచ్చు. అది తాత్కాలికమే. బిగుసుకున్న జాయింట్‌ను మార్చడమే మేలు.

కింగ్ పిన్లు, ఎండ్లు: నిపుల్ ఉన్నచోట పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు ఎక్కించాలి. చక్రాలు పైకి లేపి, అటూ ఇటూ తిప్పుతూ ఎక్కిస్తే లోపలిదాకా వెళుతుంది. గ్రీజు వెళ్లకపోతే నిపుల్ మూసుకుపోయినట్లే, దాన్ని మార్చాలి. నిపుల్ లేని సీల్డ్ జాయింట్ రబ్బరు చిరిగితే నీళ్లు దిగుతాయి. దాన్ని మార్చాల్సిందే.

స్టీరింగ్ బాక్స్: ప్లే ఎక్కువైందని అడ్జస్టింగ్ స్క్రూ బిగిస్తారు. హద్దు మీరి బిగిస్తే నేరుగా ఉన్నచోట పట్టేసి, లోపలి పళ్లు త్వరగా అరుగుతాయి. ప్లే తీయించిన తర్వాతే బిగుసుకుంటే ముందు ఆ స్క్రూనే అనుమానించాలి. చాలాసార్లు ప్లే బాక్స్‌లో కాకుండా అరిగిన ఎండ్లలో ఉంటుంది.

అలైన్‌మెంట్: కమాను కట్ట కుంగినా, గుంతలో పడి యాక్సిల్ వంగినా చక్రాల వాలు మారి స్టీరింగ్ వెనక్కి రాదు. జాయింట్లన్నీ సరిచేశాకే అలైన్‌మెంట్ చేయించాలి. ముందే చేయిస్తే ఆ డబ్బు వృథా.

చేయకూడనివి

- పవర్ స్టీరింగ్ డబ్బాలో బ్రేక్ ఆయిల్ పోయకూడదు, సీళ్లు పాడవుతాయి. మూత మీద లేదా పుస్తకంలో చెప్పిన ఆయిలే వాడాలి.
- వంగిన లింకు రాడ్డును కాల్చి సరిచేయడం, విరిగినదానికి వెల్డింగ్ పెట్టడం ప్రాణాలతో చెలగాటం. కొత్తది వేయాలి.
- ఎండ్లు విప్పిన ప్రతిసారీ కొత్త స్ప్లిట్ పిన్ వేయించాలి. మేకు, కట్టు తీగ పెట్టనివ్వకూడదు.
- ఇంజిన్ నడుస్తుండగా స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి అలాగే నొక్కిపట్టకూడదు. పంపు వేడెక్కి పాడవుతుంది.

బండిని ఎప్పుడు ఆపేయాలి?

బరువుగా ఉన్నా ఒకే తీరుగా తిరిగే బండిని ఖాళీగా, నెమ్మదిగా షెడ్డుదాకా తీసుకెళ్లవచ్చు. కానీ మధ్యలో పట్టేస్తున్నా, మలుపు తర్వాత వెనక్కి రాకపోయినా, టక్కుమని శబ్దం వచ్చి వదులుతున్నా ఆ బండికి లోడు ఎక్కించకూడదు. ఆ రోజు సరుకును వేరే బండికి బాడుగ ఇచ్చి పంపాలి. పక్క రైతులతో కలిస్తే బాడుగ కూడా పంచుకోవచ్చు. బయలుదేరాక దారిలో పవర్ పోతే స్టీరింగ్ పనిచేస్తుంది గానీ చాలా బరువెక్కుతుంది. కంగారుపడకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, వేగం తగ్గించి పక్కన ఆపాలి.

లోడు వేసినప్పుడు స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైతే సంతోషించకూడదు. బరువంతా వెనుక చివరకు చేరి ముందు చక్రాలు నేలను సరిగా పట్టుకోవడం లేదని అర్థం. బరువైన బాక్సులను క్యాబిన్ వైపు సర్దాలి.

ముందు జాగ్రత్తలు

- వారానికి ఒకసారి టైర్ల గాలి, నెలకొకసారి స్టీరింగ్ ఆయిల్ మట్టం, బెల్టు చూసుకోవాలి.
- నాట్ల సమయంలో బురదలో తిరిగిన బండిని అడుగు నుంచి కడిగి, వెంటనే గ్రీజు కొట్టించాలి. వానాకాలం ముగిశాక మరోసారి కొట్టించాలి.
- కడిగేటప్పుడు ప్రెషర్ నీళ్లను జాయింట్ల రబ్బర్ల మీద దగ్గర నుంచి కొట్టకూడదు.
- పంట కోతకు నెల ముందే జాకీ పరీక్ష చేసుకోవాలి. కోత మొదలయ్యాక బండిని షెడ్డులో ఉంచడం కష్టం.
- ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆ తేదీకి ముందే స్టీరింగ్ మొత్తం చూపించుకుంటే రెండు పనులూ కలిసి వస్తాయి.
- మార్చిన భాగం, తేదీ, కిలోమీటర్లు ఒక పుస్తకంలో రాసుకోవాలి. పాత భాగాన్ని అడిగి తీసుకుని చూడాలి.

స్టీరింగ్ బిగుసుకుంటే ముందు గాలి, తర్వాత ఆయిలు, బెల్టు, ఆ తర్వాత జాకీ పరీక్ష, చివరగా లింకు విప్పి చూడడం. ఈ వరస పాటించి, లోపం ఉన్న చోటు కళ్లతో చూశాకే కొత్త భాగానికి డబ్బు ఇవ్వాలి.