ఫ్యాషన్ రంగంలో పోచంపల్లి ఇక్కత్

ఈ వ్యాసం యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లి నేతవస్త్రాల గురించి. అపెరల్ పార్కు ఉన్న మేడ్చల్ మండల గ్రామం కొరకు గుండ్లపోచంపల్లి చూడండి.

పోచంపల్లి ఇక్కత్ తెలంగాణ రాష్ట్రంలోని భూదాన్ పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, గట్టుప్పల్, సిరిపురం, చౌటుప్పల్ తదితర ప్రాంతాలలో నేయబడే చేనేత వస్త్రము. నూలును ముందుగా ముడులు వేసి, రంగులద్ది, ఆ తరువాత నేయడం దీని ప్రత్యేకత. ఒకప్పుడు చీరలకు, దుప్పట్లకు పరిమితమైన ఈ నేత గత కొన్ని దశాబ్దాలలో ఫ్యాషన్ ప్రదర్శనలలోను, డిజైనర్ల దుస్తులలోను, దుపట్టాలు, స్టోల్స్, చేతిసంచులు వంటి అలంకరణ వస్తువులలోను స్థానం సంపాదించుకున్నది. వేదికపై వచ్చిన పేరు మగ్గం దగ్గరకు ఎంతవరకు చేరుతున్నదన్నది ఈ నేతకు సంబంధించిన ముఖ్యమైన ప్రశ్న.

పేరు

ఇక్కత్ అన్నది మలయ్ భాషలో "కట్టు" అనే అర్థమిచ్చే పదము నుండి వచ్చినది. తెలుగు నేతగాళ్ళు ఈ పనిని చిటికి, పాగడు బంధు వంటి పేర్లతో పిలిచేవారు. ప్రపంచ మార్కెట్టులో ఇక్కత్ అన్న పేరే స్థిరపడడం వలన ఇప్పుడు స్థానికంగా కూడా అదే వాడుకలోకి వచ్చినది.

చరిత్ర

తెలుగునాట ఈ నేతకు పాత కేంద్రము కోస్తాలోని చీరాల. అక్కడ తయారైన తేలియా రుమాళ్ళు అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. నూలును నూనెతోను, బూడిదతోను నానబెట్టి శుద్ధి చేయడం వలన వాటికి ఆ పేరు వచ్చినది. ఎరుపు, నలుపు, తెలుపు రంగులలో ఉండే ఈ చదరపు గుడ్డను తలపాగాగా చుట్టుకొనేవారు. ఆ విధంగా ఈ నేత విదేశీయులను మొదట ఆకర్షించినది చీరగా కాక, తలకు చుట్టుకొనే అలంకరణ వస్తువుగానే.

20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఈ విద్య నల్గొండ ప్రాంతపు నేతగాళ్ళకు అబ్బినది. మొదట్లో ఇక్కడ నూలు బట్టలే నేసేవారు. 1970 ప్రాంతంలో పట్టునేత ప్రవేశించడంతో పోచంపల్లి చీరకు దేశవ్యాప్తంగా గిరాకీ ఏర్పడినది. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే భూదానోద్యమం ఇక్కడే ప్రారంభమైనందున ఈ ఊరికి భూదాన్ పోచంపల్లి అన్న పేరు వచ్చినది.

తయారీ విధానం

ఫ్యాషన్ రంగంలో ఈ వస్త్రానికున్న విలువను, ఇబ్బందులను కూడా అర్థం చేసుకోవాలంటే దీని తయారీ తెలిసి ఉండాలి. ముందుగా డిజైనును గళ్ళ కాగితంపై గీస్తారు. నూలును అర్ధచంద్రాకారంలో మేకులు అమర్చిన చట్రంపై ఒక్కొక్క పోగుగా చుడతారు. దీనిని ఆసు పోయడం అంటారు. ఈ పని సాధారణంగా స్త్రీలు చేస్తారు. ఒక చీరకు చేతిని సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పవలసి ఉంటుంది. ఇందుకు నాలుగైదు గంటలు పట్టేది.

తరువాత గీత ప్రకారం రంగు తగలకూడని చోట్ల రబ్బరు పట్టీలతో గట్టిగా ముడులు వేస్తారు. ఇందుకు పాత సైకిలు ట్యూబులను సన్నగా కోసి వాడడం కూడా ఉన్నది. ఒక రంగు అద్దిన పిదప ముడులు విప్పి, మరికొన్ని చోట్ల కట్టి, మరొక రంగు వేస్తారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు ఈ పని జరుగుతుంది. నేత మొదలయ్యే నాటికే పోగులలో బొమ్మ సిద్ధమై ఉంటుంది. పోగు ఏ కొంచెము జరిగినా బొమ్మ చెదురుతుంది.

పడుగు పోగులకు మాత్రమే గాని, పేక పోగులకు మాత్రమే గాని ముడులు వేస్తే దానిని ఒంటి ఇక్కత్ అంటారు. రెండింటికీ వేస్తే జంట ఇక్కత్. జంట ఇక్కత్ అత్యంత కష్టమైనది. గుజరాత్‌లోని పటాన్, ఇండోనేషియాలోని బాలి దీవి, జపాన్‌తో పాటు తెలంగాణలోని పుట్టపాక కూడా దీనికి ప్రసిద్ధి చెందినది.

ఆసు పోయడంలో తన తల్లి పడే భుజాల నొప్పిని చూసి, ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారు చేశాడు. గంటల తరబడి పట్టే పని దీనితో గంటన్నరకు తగ్గినది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. ఆయన జీవితం ఆధారంగా 2019లో మల్లేశం అనే తెలుగు చలనచిత్రం వచ్చినది.

ఫ్యాషన్ ప్రదర్శనలలో

భారతదేశంలో ఫ్యాషన్ విద్యకు 1986లో ఢిల్లీలో ప్రారంభమైన నిఫ్ట్ సంస్థ పునాది వేసినది. 1995లో హైదరాబాదులో దీని శాఖ ఏర్పడినది. 2000లో ఢిల్లీలో తొలి లాక్మే ఇండియా ఫ్యాషన్ వీక్ జరిగినది. ఆ తరువాత డిజైనర్లు విదేశీ పోకడలతో పాటు దేశీయ చేనేతలను కూడా వేదికపైకి తేవడం పెరిగినది.

హైదరాబాదుకు చెందిన డిజైనర్ గౌరంగ్ షా జాందానీ నేతకు పేరుపొందినా, పలు ప్రాంతాల చేనేత పద్ధతులను ఒకే చీరలో కలిపి ప్రదర్శించాడు. మహానటి చిత్రానికి గాను ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావులతో కలిసి ఆయన 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ కాస్ట్యూమ్ డిజైనర్ అవార్డు పొందాడు. హైదరాబాదులోనే ట్రాన్స్‌లేట్ వంటి బ్రాండ్లు ఇక్కత్‌తో కుర్తాలు, జాకెట్లు, గౌనులు రూపొందించాయి.

2025లో హైదరాబాదులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు మే 15న కొందరు పోటీదారులు పోచంపల్లిని సందర్శించి, మగ్గాలను, రంగులద్దే పనిని చూశారు. అదే నెలలో జరిగిన ఫ్యాషన్ పోటీలో డిజైనర్ అర్చనా కొచ్చర్ పోచంపల్లి, గద్వాల, గొల్లభామ వస్త్రాలతో రూపొందించిన దుస్తులను పోటీదారులు ధరించారు.

డిజైనర్లు దీనిని కోరుకోవడానికి ప్రధాన కారణము బొమ్మ అంచులలో కనిపించే మసక. వజ్రాలు, చదరాలు, మెట్లు వంటి జ్యామితీయ ఆకృతులు దూరం నుండి చూసేవారికి కూడా స్పష్టంగా కనిపిస్తాయి. అయితే చీర కొరకు నేసిన బట్టకు అంచు, కొంగు ఉంటాయి. కోటుకు, గౌనుకు పనికిరావాలంటే అవి లేకుండా గజాల లెక్కన నేయాలి. కత్తిరించి కుట్టేటప్పుడు రెండు ముక్కల మీది బొమ్మలు కుట్టు వద్ద కలవాలి. ఇందువలన కొంత బట్ట వృథా అవుతుంది.

వేదిక, మగ్గం - కాలభేదం

ఫ్యాషన్ ప్రదర్శనలు ఋతువుల వారీగా జరుగుతాయి. ప్రతి ఋతువుకు కొత్త రంగు, కొత్త డిజైను కావాలి. ఇక్కత్‌లో డిజైను మారితే గళ్ళ కాగితం నుండి ముడుల వరకు అంతా మళ్ళీ మొదలుపెట్టాలి. ఒకే పడుగుపై సాధారణంగా పలు చీరలు నేస్తారు గనుక, ఒకసారి ముడులు వేసిన డిజైనును మధ్యలో మార్చడం సాధ్యం కాదు. పడుగు పూర్తయ్యేలోపు ఆ రంగుకు గిరాకీ తగ్గితే నష్టము నూలు పెట్టుబడి పెట్టినవారిపై పడుతుంది. కూలికి నేసేవారికైతే తదుపరి పని దొరకడం ఆలస్యమవుతుంది. ఈ కారణంగా ఏళ్ళ తరబడి నిలిచే డిజైన్లు, ముందుగా ఇచ్చే ఆర్డర్లు నేతగాళ్ళకు మేలు చేస్తాయి.

శ్యామ్ బెనెగళ్ దర్శకత్వంలో 1987లో వచ్చిన హిందీ చలనచిత్రం సుస్మన్ పోచంపల్లి ఇక్కత్ నేతగాళ్ళ జీవితం గురించినదే. ఇందులో నేతగాడు రాములుగా ఓం పురి, అతని భార్య గౌరమ్మగా షబానా ఆజ్మీ, నగరం నుండి వచ్చి వస్త్రాలు నేయించుకొనే మందిరగా నీనా గుప్తా నటించారు. ఖరీదైన పట్టుబట్ట నేసే మనిషికి తన కూతురి పెళ్ళికి పట్టుచీర కొనే స్తోమత లేకపోవడం ఈ కథలో కీలకాంశము.

నకళ్ళు, చట్టరక్షణ

ఇక్కత్ డిజైను పేరుపొందిన కొద్దీ దానిని యంత్రాలపై అచ్చువేసిన బట్టలు మార్కెట్టులోకి వచ్చాయి. చేతితో వారాల తరబడి చేసే పనిని అచ్చుయంత్రం నిమిషాలలో అనుకరిస్తుంది గనుక ధరలో చేనేత దానితో పోటీపడలేదు. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లో భౌగోళిక గుర్తింపు లభించినది. దేశంలో ఈ గుర్తింపు కొరకు నమోదైన తొలి దరఖాస్తులలో ఇది ఒకటి. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో ప్రత్యేకంగా గుర్తింపు వచ్చినది. ఈ గుర్తింపు పేరును దుర్వినియోగం చేయకుండా అడ్డుకుంటుంది. కాని ఆ పేరు వాడకుండా అలాంటి బొమ్మలను అచ్చువేసి అమ్మేవారిని ఆపడం కష్టము.

అసలు ఇక్కత్‌ను గుర్తించడానికి కొన్ని ఆనవాళ్ళు:
- బట్ట రెండు వైపులా బొమ్మ, రంగు దాదాపు ఒకే విధంగా ఉంటాయి. అచ్చుబట్టలో వెనుకవైపు వెలిసినట్లుంటుంది.
- బొమ్మ అంచులు ఈకల వలె కొద్దిగా చెదరి ఉంటాయి.
- ఒక పోగు లాగి చూస్తే దానిపై రంగులు మార్చి మార్చి కనిపిస్తాయి.
- ఒకే బొమ్మ తిరిగి వచ్చిన చోట్ల స్వల్ప తేడాలుంటాయి.
- 2006 నుండి అమలులో ఉన్న చేనేత గుర్తు ఉంటే అది చేతిమగ్గంపై నేసినదని తెలుస్తుంది.

గుర్తింపు

- పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ పురస్కారం లభించినది. వీరి కృషి వలన తేలియా రుమాలు డిజైన్లు చీరలలోను, దుపట్టాలలోను నిలిచాయి.
- 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చిన భారతీయ చీరల నేత కేంద్రాలలో పోచంపల్లి ఉన్నది.
- 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ భూదాన్ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసినది.
- 2023 డిసెంబరు 20న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము పోచంపల్లిని సందర్శించి నేతగాళ్ళతో ముచ్చటించారు.

ఇవి కూడా చూడండి

భూదాన్ పోచంపల్లి, పుట్టపాక, తేలియా రుమాలు, గద్వాల చీర, గొల్లభామ చీర, చింతకింది మల్లేశం, గుండ్లపోచంపల్లి